కుంచెడు పాత విత్తనము

అల్లవరం ప్రాంతపు వరి రైతుకు నీటితో రెండు విధముల చిక్కు గలదు. సార్వాలో పెద్ద వాన పడినచో చేలలోని నీరు మురుగు కాలువకు దిగక పైరును ముంచును. ఎండకాలములో కాలువ నీరు తగ్గగానే సముద్రపు పోటు వైనతేయ పాయ వెంటను, మురుగు కాలువల వెంటను ఎగదన్ని నేలకు ఉప్పు పట్టించును. ఓడలరేవు, బెండమూర్లంక, కొమరగిరిపట్నం రైతులకు ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. మురుగు కాలువలు బాగుచేయుట తప్పక జరుగవలసిన పని. అయితే ఆ పని పూర్తియైనను, కాకున్నను, ముంపునకును ఉప్పునకును ఓర్చు విత్తనము మన చేతిలో ఉండవలెను. అట్టి విత్తనము ఎక్కడ నుండి వచ్చును? దీనికి సమాధానము తెలిసినచో మన ఊళ్లలో మిగిలియున్న పాత రకములను ఇంత తేలికగా పోగొట్టుకొనము.

స్వర్ణ చెప్పు పాఠము

కోనసీమలో స్వర్ణ పేరు ఎరుగని రైతు లేడు. 1925లో ఏర్పడిన మార్టేరు పరిశోధనా కేంద్రములో వశిష్ఠ, మసూరి రకములను సంకరపరచగా వచ్చిన ఎం.టి.యు. 7029 రకమే స్వర్ణ. 1982లో విడుదలయినది. ఇందులో మసూరి మన నేలపై ఎంపికయినది కాదు. మలయా వరికిని, తైవాను వరికిని చేసిన సంకరము నుండి మలయాలో ఎంపిక చేయబడి మనకు వచ్చినది. మన ఇంటి విత్తనమనుకొన్న దానికి ఎంత దూరపు చుట్టరికమున్నదో చూడుడు.

ఎంత మంచి రకమైనను స్వర్ణ ముంపునకు తాళలేదు. సాధారణముగా వరి మొక్క నీట మునిగినప్పుడు పైకి తేలవలెనని తొందరపడి సాగును. ఆ సాగుటలో ఒంటిలోని ఆహారమంతయు ఖర్చయి, నీరు తీసిన తరువాత కూలిపోవును. ఒడిశాలోని పల్లపు చేల రైతులు తరతరములుగా పండించిన వరి నుండి ఎంపికయైన ఎఫ్.ఆర్.13ఎ అను రకము అట్లు చేయదు. మునిగినంత కాలము పెరుగుదల ఆపి, ఆహారమును దాచుకొని, నీరు తీయగానే చిగిర్చును. శాస్త్రజ్ఞులు దీనికి కారణమైన జన్యువును 2006లో గుర్తించిరి. దానిని స్వర్ణలో చేర్చగా స్వర్ణ-సబ్1 అను రకము వచ్చి 2009లో విడుదలయినది. ఇది సుమారు రెండు వారముల ముంపునకు ఓర్చును. అట్లే ఉప్పునకు ఓర్చు వరిని తయారుచేయుటకు కేరళ తీరపు పొక్కాలి వరి ఆధారమయినది.

ఆ ఒడిశా రైతులు దిగుబడి తక్కువయని ఆ గింజలను పూర్తిగా విడిచియుండినచో ఏ ప్రయోగశాలయు దానిని మరల సృష్టించియుండెడిది కాదు. శాస్త్రము ఉన్న గుణమును ఒక రకము నుండి వేరొక రకములోనికి చేర్చగలదు గాని, లోకములో నశించిపోయిన గుణమును వెదకి తేలేదు.

పంటల పుట్టిల్లు

పండుగనాటి పులిహోరను తీసికొనుడు. బియ్యము ఆసియా పంట. చైనాలోని యాంగ్‌ట్సీ లోయ, మన గంగా మైదానము దాని పెంపకమునకు తొలి నెలవులు. చింత ఆఫ్రికా నుండి మిక్కిలి పూర్వము వచ్చినది. మిరపయు, వేరుసెనగయు అమెరికా ఖండములవి. పోర్చుగీసువారు మన తీరమునకు వచ్చిన తరువాత గాని మనకు తెలియవు. కంది, మినుము, పెసర, నువ్వు మన దేశమున పుట్టినవి.

ఇది వినోదమునకు చెప్పుకొను కథ కాదు. ఒక పంట ఎక్కడ పుట్టినదో, ఎక్కడ చిరకాలము పెరిగినదో అక్కడనే దాని అడవి బంధువులును, నానావిధములైన రకములును ఎక్కువగా ఉండునని రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్ 1926లో వివరించెను. ఆయన దేశదేశములు తిరిగి విత్తనములు సేకరించి లెనిన్‌గ్రాడ్‌లో భద్రపరచెను. 1941లో శత్రుసేనలు ఆ నగరమును ముట్టడించినప్పుడు, వరి విత్తనముల బాధ్యత వహించిన ద్మిత్రీ ఇవానోవ్ వేల పొట్లముల వరి గింజల నడుమ ఆకలితో మరణించెను, గింజ ముట్టలేదు. వావిలోవ్ 1943లో కారాగారములో మరణించెను. విత్తనపు విలువ ఎరిగినవారు దానిని అంతగా కాపాడిరి.

ఆ విలువ మన కాలములోను రుజువయినది. 1970 ప్రాంతములలో సుడిదోమ వలన వ్యాపించి వరిని గిడసబార్చు వైరస్ తెగులు ఆసియా దేశములను బాధించెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు ఆరు వేలకు పైగా నమూనాలను పరీక్షింపగా, ఉత్తర ప్రదేశ్‌లోని గోండా ప్రాంతము నుండి సేకరించిన అడవి వరి ఒక్కటే దానికి తట్టుకొనెను. పెరికి పారవేయదగినదిగా కనిపించు గడ్డి కోట్ల ఎకరముల పైరుకు రక్షణ అయినది.

మా పొరపాటును గలదు

అక్కుళ్లు, కృష్ణకాటుకలు, ఆత్రగడ, బాసంగి. ఇవి ఒకప్పుడు గోదావరి డెల్టాలో పేరు పడిన రకములు. నేటి యువ రైతులలో ఎందరు వీటిని చూచియుందురు? క్రొత్త రకము ఎన్ని ఎకరములలో ఊడ్చిరో విస్తరణ పనిలోనున్న మా వంటి వారము ఏటేట లెక్క వ్రాసికొంటిమి. ఏ పాత రకము ఆ ఏడు ఊరు విడిచిపోయినదో లెక్క వ్రాయలేదు. ఇది ఒప్పుకొనవలసిన పొరపాటు.

పాత రకములే సాగుచేయుడని మేము చెప్పుట లేదు. అప్పు తీర్చవలసిన రైతు దిగుబడిని వదలుకొనలేడు. వదలుకొనుమనుట న్యాయమును కాదు. విత్తనములను ఢిల్లీలోని జాతీయ జన్యునిధిలో సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో దాచుచున్నారు గదా, ఇక మనకేల యని కొందరందురు. అది అవసరమే. కాని చలిగదిలో విత్తనము నిద్రించును. చేలో ఉన్న విత్తనము ఏటేట మారు ఉప్పును, తెగులును, వానను ఎదుర్కొనుచు వాటికి అలవాటుపడును. కనుక రెండును కావలెను.

కొబ్బరి సంగతి వేరు. దాని కాయను వరి గింజవలె ఆరబెట్టి, చలిలో ఏండ్ల తరబడి దాచుటకు వీలు లేదు. చెట్టు నిలిచియుండుటయే దాని నిధి. మన గంగాబొండాం పొట్టి రకమును తూర్పు కోస్తా పొడుగు రకముతో సంకరపరచగా అంబాజీపేటలో గోదావరి గంగ వచ్చినది. 1996 నవంబరు తుఫానులో కోనసీమ తోటలు కూలిన తీరు తలచుకొన్నచో, మంచి తల్లిచెట్లు ఒకే తోటలో ఉండరాదని తెలియును.

ఊరు చేయదగిన పని

ప్రతి ఊరిలో ఒకరిద్దరు రైతులు ఐదు సెంట్లు పాత రకమునకు కేటాయించిన చాలును. పక్క రకమునకు కనీసము మూడు మీటర్ల ఎడముంచవలెను. కేళీలను ఏరివేసి, మంచి వెన్నులను కోసి, బాగుగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో దాచవలెను. మన తేమగాలిలో మొలకశక్తి త్వరగా తగ్గును గనుక ఏటేట నాటుట మేలు. డబ్బాపై రకము పేరు, చేను పేరు, సంవత్సరముతోపాటు అది దేనికి ఓర్చినదో వ్రాయవలెను. గుణము తెలిసిన వృద్ధుడు పోయిన తరువాత పేరు లేని గింజ ఉన్నను లేనట్లే.

గ్రామాధికారులకు ఒక మాట. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య సంఘము ఉండవలెను. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు వ్రాయవలెను. దానిని కచేరీలో కూర్చుండి నింపరాదు. ఇంటింటికి వెళ్లి, పెద్దలనడిగి వ్రాయవలెను. 2001 నాటి మొక్కల రకముల రక్షణ, రైతుల హక్కుల చట్టము క్రింద రైతు తన రకమును తన పేర నమోదు చేయించుకొనవచ్చునని కూడ వారికి తెలుపవలెను. ఐదు సెంట్లలో తగ్గిన దిగుబడి నష్టమును రైతు ఒక్కడే భరించుట తగదు; లాభము అందరిది గనుక ఖర్చును ప్రజాధనము నుండి ఇయ్యవలెనని మా అభిప్రాయము.

ఈ సార్వా ఊడ్పులకు ముందే మీ ఊరిలో విచారింపుడు. ఎవరి ఇంట నైనను, ఏ పురి అడుగున నైనను కుంచెడు పాత వడ్లు మిగిలియుండవచ్చును. అవి మొలకెత్తు శక్తి కోల్పోకముందే నారుమడికి చేర్చుడు.