క్యూరేటర్ కన్నా ముందు కరెంటు మేస్త్రీ

మన తెలంగాణకూ కేరళలోని కొచ్చిలో జరిగేలాంటి అంతర్జాతీయ కళా ప్రదర్శన కావాలని తోటి ఆర్టిస్టులు అంటుంటారు. ఏ దేశం వాళ్లను పిలవాలి, రిబ్బన్ ఎవరు కత్తిరించాలి అన్నదాకా పోతుంది చర్చ. బాన్సువాడలో దుకాణాల బోర్డులు రాసి బతికిన నేను మాత్రం ముందు గోడ సంగతి అడుగుతాను. గోడలో చెమ్మ ఉంటే ఎంత ఖరీదైన రంగైనా పొక్కిపోతుంది.

కొచ్చి-ముజిరిస్ బినాలె, అంటే రెండేళ్లకోసారి జరపాలనుకున్న ఆ కళా ప్రదర్శన, 2012 డిసెంబరు 12న మొదలైంది. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కళాకారులు కేరళ ప్రభుత్వ సాయంతో దాన్ని నిలబెట్టారు. కొత్త భవనాలు కట్టలేదు. ఫోర్ట్ కొచ్చిలో నీటి ఒడ్డునున్న ఆస్పిన్‌వాల్ హౌస్‌నూ, పాత సుగంధ ద్రవ్యాల గోదాములనూ గ్యాలరీలుగా మార్చారు. ఎవరిని పిలవాలో ఎంపిక చేసే క్యూరేటర్ బాధ్యత ప్రతిసారీ కళాకారులకే ఇస్తారు. 2014లో జితీశ్ కల్లాట్ 30 దేశాల నుంచి 94 మందిని పిలిస్తే, ప్రదర్శన 108 రోజులు నడిచింది.

అంత పేరున్న ప్రదర్శన కూడా 2022లో తడబడింది. డిసెంబరు 12న తెరుచుకోవాల్సిన ప్రధాన ప్రదర్శన 23కి వాయిదా పడింది. సరుకు ఆలస్యంగా చేరింది, కప్పులు కారాయి, కరెంటు నిలకడగా లేదు, పనివాళ్లు చాలలేదు. పాల్గొన్న కళాకారులే బహిరంగ లేఖ రాసి నిలదీశారు. క్యూరేటర్ షుబిగి రావు ఎంపికలో లోపం లేదు. డబ్బూ మనుషులూ వేళకు అందకపోవడమే అసలు జబ్బు.

జర్మనీలోని కాసెల్‌లో డాక్యుమెంటా అనే కళా ప్రదర్శన 5 ఏళ్లకోసారి, 100 రోజులే జరుగుతుంది. మిగతా కాలమంతా తయారీకే. మన దగ్గర పండుగకు వారం ముందు టెండర్ పిలిచే అలవాటు.

ప్రదర్శనకు ఖాళీ భవనం ఏదంటారా, మాకు దగ్గరలోని బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 నుంచి మూతపడి ఉంది. అది మళ్లీ ఆడాలన్నదే రైతుల, కార్మికుల కోరిక. బొమ్మల పేరు చెప్పి ఆ కోరికను పక్కన పెట్టకూడదు. జిల్లాల్లో వాడకుండా వదిలేసిన ప్రభుత్వ షెడ్లు వేరే ఉన్నాయి. ఒకదాన్ని ఎంచుకొని, కప్పు బాగుచేసి, వడ్రంగికీ ఎలక్ట్రీషియన్‌కీ కూలి ముందే బడ్జెట్‌లో రాయండి. రెండేళ్ల డబ్బు చేతికొచ్చాకే తేదీ ప్రకటించండి. అదీ చేయలేకపోతే అంతర్జాతీయం అనే మాట ఎత్తకండి.