మా రాతకు తపస్సని పేరు పెట్టకండి

మా ఇంట్లో నేను చదివిన మొదటి సాహిత్యం ప్రోనోటు. ఏడో తరగతిలో ఉన్నా. అప్పు తీర్చి, చెల్లు రాయించుకుని అయ్య ఇంటికి తెచ్చుకున్న నోటు. అయ్య తీసుకున్నది రెండువేలు. నోటులో ఉన్నది అయిదువేలు. కింద అయ్య వేలిముద్ర. అసలూ వడ్డీ అంటూ ఏళ్ళతరబడి కూలిచేసి తీర్చింది ఆ అయిదువేలకి! నేను చదివి చెబితే అయ్య అటూ ఇటూ చూసి, "మెల్లగా చదవరా, ఎవరన్నా వింటారు" అన్నాడు. దొంగ రాత రాసినోడు దర్జాగా తిరుగుతున్నాడు. చదివినోడు గొంతు తగ్గించుకోవాలి. నా రాత అక్కడ పుట్టింది.

మొన్నొక సభలో ఓ పెద్దాయన రచన తపస్సన్నారు, ఆత్మానందం కోసమే రాయాలన్నారు. అయ్యా, తపస్సు చేసినందుకే శంబూకుడి తల తెగింది. అది మీ పుస్తకాల్లోనే ఉంది. ఆనందం కోసం రాసుకునే తీరిక మీ తాతలు మీకిచ్చిన ఆస్తి. మా తాతలు మాకిచ్చింది వేలిముద్ర.

ఇంకొకాయన "ఎంతసేపూ ఏడుపేనా?" అన్నారు. రోహిత్ వేముల ఏడుపు రాయాలనుకోలేదు. కార్ల్ సాగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్నాడు. 2016 జనవరి 17న అతను వదిలి వెళ్ళింది ఒక ఉత్తరం. నక్షత్రాల గురించి రాయాల్సిన చేత్తో ఆ ఉత్తరం రాయించిందెవరో తేల్చండి. ఆ తర్వాత మా రాతల్లో అందం కొలుద్దురు గాని.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ కాగితం చూస్తే ఎనిమిది మందీ చచ్చారు గానీ చంపినోడు లేడు. ఆ ఖాళీలో రాయడానికి మాకు కలం కావాలి.

నేనేం పుణ్యాత్ముణ్ణి కాను. మొదటి కవిత అచ్చయిననాడు కవిత చదువుకోలేదు, నా పేరే పదిసార్లు చూసుకున్నా. కులం పెట్టి పిలిచిన ఇంట్లో పుట్టినోడికి పేరు మీద ఆశ ఉండదా?

అమ్మకు మాత్రం భయం. "ఉద్దోగం వొచ్చింది గదా అయ్యా, ఇంకెందుకు ఈ రాతలు? నేను పెళ్ళిళ్ళకాడ మిగిలిన కూడు అడుక్కొచ్చిన సంగతి మాత్రం రాయమాక" అంది. ఇదిగో, రాశాను. అమ్మకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే రాశాను. సిగ్గుగానే ఉంది.

ఎందుకు రాశానో కూడా చెబుతా. నా క్లాసులో "మా ఇల్లు" మీద వ్యాసం రాయమన్నా. మా పల్లె పిల్ల గైడు చూసి రాసింది: నాన్న ఆఫీసుకు వెళతాడు, అమ్మ పాయసం వండుతుంది. వాళ్ళమ్మ మిరపకాయ కోతలకి పోతుంటే ఆ పొద్దున్నే చూశా. ఆ వయసులో నేనూ అదే రాశా. ఎర్రసిరాతో కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ పిల్ల చూసి రాయడానికి గైడు కాని ఇంకో కాగితం ఉండాలి. అందుకే అమ్మ మాట కాదన్నాను.