పొరుగును విడిచి దూరం పోయిన జట్లు



పండుగ సెలవులలో మన ఊళ్లలో కబడ్డీ పోటీలు పెట్టినప్పుడు ఎవరిని పిలుస్తాము? పక్క ఊరి కుర్రవాళ్లను, కాలువ అవతలి వాళ్లను. ఓడినా గెలిచినా సాయంత్రానికి ఎవరిల్లు వారు చేరుకుంటారు. మరునాడు సంతలో మళ్లీ కలుసుకుంటారు. అమెరికాలో కళాశాలల ఆటలు కూడ చాలాకాలం ఈ విధంగానే సాగాయి. ఇరుగు పొరుగు విశ్వవిద్యాలయాలు కొన్ని కలిసి కూటమిగా ఏర్పడి, ఏటేటా తమలో తాము ఆడుకునేవి. ఆ కూటమిని అక్కడ కాన్ఫరెన్సు అంటారు. ‘బిగ్ టెన్’ అనే కూటమి 1896లోను, పసిఫిక్ తీరపు కూటమి 1915లోను పుట్టాయి. ఈ రెండవ దాని పరంపరలో వచ్చినదే ‘ప్యాక్-12’.

ఇటీవలి సంవత్సరాలలో ఈ కూటములు చెదిరిపోయిన తీరు మనము ఆలోచించదగిన విషయము. మన పిల్లలు అనేకులు ఆ దేశంలో చదువుతున్నారు గనుక అక్కడి విశ్వవిద్యాలయాల మంచిచెడ్డలు మనకు బొత్తిగా పరాయివి కావు.

మొదట కారణం చూద్దాము. అమెరికా వారి ఫుట్‌బాల్ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతపట్టుకొని పరుగెత్తే ఆట అది. కళాశాల జట్ల ఆట చూడటానికి సైతం పదుల వేల మంది వస్తారు. టీవీ ముందు కూర్చునే వారు లక్షల మంది. ఏ ఆట టీవీలో చూపాలో ఒకప్పుడు జాతీయ క్రీడా సంఘమే నిర్ణయించేది. అది చెల్లదని 1984లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అటు తరువాత కళాశాలలు, కూటములు తామే టీవీ కంపెనీలతో బేరం చేసుకోసాగాయి. పేరున్న జట్లు ఎక్కువగా ఉన్న కూటమికి ఎక్కువ సొమ్ము. బిగ్ టెన్ 2022లో కుదుర్చుకున్న ఒప్పందం ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైమాటే.

ఆ సంవత్సరం జూన్ 30న లాస్ ఏంజిలిస్ నగరంలోని రెండు విశ్వవిద్యాలయాలు, యు.ఎస్.సి., యు.సి.ఎల్.ఎ., తాము ప్యాక్-12 విడిచి బిగ్ టెన్‌లో చేరుతామని ప్రకటించాయి. 2023లో మిగిలిన వారు కూడ ఒకరి వెంట ఒకరు బయలుదేరారు. మొత్తం పన్నెండు మందిలో పదిమంది వెళ్లిపోయారు. నలుగురు బిగ్ టెన్‌లోను, నలుగురు ‘బిగ్ 12’లోను, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అనే ఇద్దరు అట్లాంటిక్ తీరపు కూటమిలోను చేరారు. పసిఫిక్ ఒడ్డున ఉన్నవారు అట్లాంటిక్ కూటమి సభ్యులు! ‘పది’ అని పేరున్న బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 మంది!

దీని భారం ఎవరి మీద పడుతుంది? లాస్ ఏంజిలిస్ నుండి అదే కూటమిలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి దాదాపు 3,900 కిలోమీటర్లు. మన కన్యాకుమారి నుండి శ్రీనగర్‌కు రోడ్డు దారి కూడ అంత లేదు. గడియారంలోనే మూడు గంటల తేడా. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్క ఆట ఆడుతుంది. వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు అంతకన్నా తరచుగా ప్రయాణం చేయాలి. వారి తరగతులు, పరీక్షలు, నిద్ర ఈ లెక్కలో ఎక్కడున్నాయి?

పాత చెలిమి కూడ తెగిపోయింది. ఓక్లహోమా రాష్ట్రంలోని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు 1910 నుండి ఒక్క ఏడు కూడ తప్పకుండా ఫుట్‌బాల్ ఆడాయి. అందులో ఒకటి వేరే కూటమికి వెళ్లినందున 2023తో ఆ వరుస ఆగింది. మెథడిస్టు సంఘం 1911లో డాలస్‌లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఒకటి ఉన్నది. అట్లాంటిక్ కూటమిలో చోటు దొరికితే చాలునని, తొమ్మిదేళ్లపాటు అక్కడి టీవీ సొమ్ములో వాటా అడగబోమని అది ఒప్పుకున్నది. గుమ్మంలో అడుగు పెట్టనిస్తే చాలును, పంక్తిలో విస్తరి వేయకపోయినా సరే అన్నట్లున్నది.

ఎవరూ పిలవక మిగిలిపోయిన ఇద్దరిని గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అనే ఈ రెండూ వ్యవసాయ విద్య కొరకు పుట్టిన సంస్థలు. వాషింగ్టన్ స్టేట్ ఉన్న పుల్‌మన్ గోధుమ పొలాల నడుమనున్న చిన్న పట్టణము. ఆట రోజున వచ్చే జనమే అక్కడి హోటళ్లకు, అంగళ్లకు పెద్ద ఆదరువు. ఆర్విల్ వోగెల్ అనే శాస్త్రవేత్త జపాను పొట్టి గోధుమతో సంకర రకాలు తయారు చేసింది పుల్‌మన్‌లోనే. ఆ విత్తనాలను ఆయన 1950 దశకంలో నార్మన్ బోర్లాగ్‌కు పంపాడు. బోర్లాగ్ వాటి నుండి రూపొందించిన రకాలే 1960 దశకంలో మన దేశపు పొలాలకు వచ్చి కరువు భయం తీర్చాయి. టీవీ లెక్కల్లో ఆ పేరుకు వెల లేకపోయింది. రాబడి తగ్గి, 2025లో ఆ విశ్వవిద్యాలయం హైజంప్, లాంగ్‌జంప్, షాట్‌పుట్ వంటి పోటీలకు జట్టును నిలపడం మానుకున్నది. పెద్ద జట్లు సొమ్ము కొరకు కదిలితే, చోటు పోయినది షాట్‌పుట్ విసిరే పిల్లవానికి.

కథ ఇక్కడితో ఆగలేదు. ఈ ఇద్దరు ఒంటరిగా ఉన్నప్పుడు ‘మౌంటెన్ వెస్ట్’ అనే చిన్న కూటమి 2024 సంవత్సరానికి వారితో ఆడుటకు ఒప్పుకున్నది. తమ సభ్యులను లాగుకొనిపోతే పరిహారం చెల్లించాలని ముందే షరతు పెట్టింది. అదే సంవత్సరం సెప్టెంబరు మొదలుకొని ఆ ఇద్దరు మౌంటెన్ వెస్ట్ నుండి ఐదుగురిని తమ వైపు చేర్చుకున్నారు. పరిహారం షరతు చెల్లదని కోర్టుకెక్కారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్లయింది. వారికీ కారణం లేకపోలేదు. కూటమి నిలవాలంటే సభ్యులు కావాలి. అయినను తమకు జరిగిన అన్యాయాన్నే తమకన్న చిన్నవారికి అప్పగించారు.

ఈ సంగతిలో నాకు అన్నిటికన్న బాధ కలిగించేది ఇదే. దురాశ ఒక్కరితో మొదలవుతుంది. అయితే ‘వాళ్లు పోయారు గదా, మనమూ పోకపోతే మిగిలిపోతాము’ అనే భయం దానిని అందరికీ అంటిస్తుంది. వెళ్లిన పదిమందిలో చాలామందిని కదిలించినది ఆ భయమే కావచ్చును.

మన పాల సంఘాలలో, పాఠశాలల్లో, అన్నదమ్ముల మధ్య కూడ ఇటువంటి ఘడియలు వస్తాయి. ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్లడం తప్పని నేను అనడం లేదు. కాని వెళ్లే ముందు రెండు ప్రశ్నలు వేసుకుందాము. మనము కదిలితే ఎవరు ఒంటరివారవుతారు? మనము ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరు చోటిచ్చారు? ఈ రెండిటికి జవాబు తెలిసిన తరువాతనే లాభనష్టాల లెక్క తీయడం మంచిది.