పక్కా ఇంటి మీద బరకం

వానాకాలం వచ్చిందంటే మా పల్లె నీలం రంగుకు తిరుగుతుంది. కాలనీ స్లాబుల మీద నీలం బరకాలు, రేకుల మీద నీలం బరకాలు. లోపల గిన్నెలు, బక్కెట్లు పరిచి, పిల్లల్ని కారని మూలకు జరిపి, తెల్లార్లూ కూర్చునేది మన ఆడవాళ్లు.

1985లో ఇందిరా ఆవాస్ యోజన పెట్టినప్పుడు అది దళితులకు, గిరిజనులకు, వెట్టి నుంచి విడుదలైనవాళ్లకు అన్నారు. 2006లో ఇందిరమ్మ ఇళ్లన్నారు. పేరు ఎవరిదైనా స్లాబు ఒకటే. తడి దిగిన చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటును చీలుస్తుంది, పెచ్చులు మంచం మీద పడతాయి. ఆనాడు తట్టలు మోసింది మేమే. తట్టలో సిమెంటెంతో ఇసుకెంతో మాకు తెలవదా?

ఆఫీసుకు పోతే ఏమంటారు? ‘‘మీకు పక్కా ఇల్లుందిగా!’’ 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కూడా పక్కా ఇల్లున్నవాళ్లను పక్కన పెట్టింది. వాళ్ల రికార్డులో గోడ, కప్పు రాసుకోవడానికి గడి ఉంది. కప్పు మీద బరకం రాసుకోవడానికి గడి లేదు.

కోతల కాలంలో మబ్బు పడితే అర్ధరాత్రి మా తలుపే తడతారు, ‘‘రండ్రా, రాశి మీద బరకం కప్పాల’’ అని. పోయి కప్పొస్తాం. తిరిగొచ్చేసరికి మా బియ్యం మూట తడిసుంటది. వ్యవసాయ శాఖ సగం ధరకు టార్పాలిన్లిచ్చినప్పుడు పాసుపుస్తకం అడిగింది. గింజ తడిస్తే నష్టమని సర్కారుకు తెలుసు. ఆ గింజ పండించిన కూలోళ్లు తడిస్తే?

బరకం వద్దనడం లేదు. ఈ రాత్రికి పిల్లలు పొడిగా పడుకోవాలి కదా. కప్పేదేదో సరిగా కప్పుకుందాం. చదునుగా పరిస్తే నీళ్లు మధ్యలో నిలుస్తాయి. నడుమ వెదురు బొంగు ఎత్తి రెండు పక్కలా వాలు తియ్యాలి. అంచు గోడ దాటి కిందికి దిగాలి. మేకులు కొట్టొద్దు, కొట్టిన ప్రతి మేకూ ఇంకో చిల్లు. అంచు రింగులకు తాళ్లేసి బిగించాలి. రాళ్లు పెట్టొద్దు, గాలివానకు జారి నెత్తిన పడతాయి. కరెంటు తీగ దగ్గర జాగ్రత్త. పెచ్చులూడే స్లాబు మీదికి ఎవరూ ఎక్కొద్దు, దాని కింద పడుకోవద్దు. బరకం వానను ఆపుతుంది గానీ స్లాబును ఆపదు.

మా గొడవ వేరే. మూడేళ్ల కింద ఒక నాయకుడొచ్చి ఇంటికో టార్పాలిన్ పట్టా పంచాడు. ఇళ్లస్థలం పట్టా అడిగిన పిల్లగాళ్లకు కూడా ఆ పట్టాయే ఇచ్చాడు! ఫొటో దిగాం, దణ్ణం పెట్టాం. అంతకుముందు రాసిన అర్జీ ఆ రోజే అటకెక్కింది. అది మా తప్పే, ఒప్పుకోవాలి. ఎండకు ఆ బరకాలు పొట్టులా రాలాయి. అర్జీ ఎక్కడుందో ఎవరికీ తెలవదు.

ఈసారి ముందు అర్జీ, తర్వాత దణ్ణం. ఇంటి నంబరు, మంజూరైన సంవత్సరం, స్లాబు అడుగున తీసిన ఫొటో జతచేసి ఇద్దాం. ముద్ర వేసిన రసీదు లేకుండా కదలొద్దు. ఇంజనీరు వచ్చి చూడాలి. ఉండటానికి పనికిరాని ఇల్లయితే ఆ మాట కాగితం మీద రాసి, మన పేరు ముందున్న ‘పక్కా’ కొట్టెయ్యాలి.

అక్టోబరు 2 గ్రామసభకు ఆడామగా అందరం కదులుదాం. చిరిగిన బరకాలు పారెయ్యకండి. మడిచి చంకన పెట్టుకొని పోదాం, ఏది ఏ ఇంటిదో చెప్పి అధికారుల బల్ల మీద పరుద్దాం.