ఆ గజ్జెలు నాకు వినపడలేదు

పోయిన నెల చాయి గురించి రాస్తే, దారిలో ఇద్దరు ముగ్గురు ఆపి "వచ్చే నెల ఏం రాస్తవ్ రా?" అని అడిగారు. పాటల గురించి రాస్తానని చెప్పాను. నాకు పాటల పిచ్చి ఉంది. ఘంటసాల నుంచి ఇళయరాజా దాకా ఏది దొరికితే అది వింటాను. మధ్యలో మరాఠీ లావణులు, పక్కింటివాళ్ళు పెట్టే కన్నడ పాటలు. సోలాపూర్‌లో పుట్టినవాడికి మూడు భాషల పాటలు పైసా ఖర్చు లేకుండా వస్తాయి. మన ఇళ్ళ గోడలు అంత పలచన కదా!

అయితే పాటల గురించి రాయబోతే కథ చెవుల దగ్గరికి పోయింది. ఎట్లా పోయిందో చెప్తాను.

ఒక సెలవు రోజు పొద్దున. అవ్వ గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. చెల్లె పరీక్షకు చదువుతూ ఫోన్లో సన్నగా ఒక పాట పెట్టింది. ఇళయరాజా పాత పాట. నేను ఎన్ని వందల సార్లు విన్నానో లెక్క లేదు.

"అన్నా, చరణానికి ముందు ఆ గజ్జెల చప్పుడు ఎంత బాగుంటది కదా" అన్నది చెల్లె.

"ఏ గజ్జెలు?"

మళ్ళీ పెట్టింది. తబలా వినపడింది, వయొలిన్లు వినపడ్డాయి. గజ్జెలు లేవు. ఇంకోసారి పెట్టింది. లేవు. నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను. అంతలో అవ్వ చాటలోంచి తల ఎత్తకుండానే, "నాకూ వినవస్తున్నయి కదరా. ఘల్లుమంటున్నయి" అన్నది.

అవ్వకు యాభై దాటాయి. నాకు ఇరవై ఆరు. ఆమెకు వినపడేది నాకెందుకు వినపడదు? ఆమె బతుకంతా తునికాకు ముందర గడిచింది. నాది తొమ్మిదేళ్ళుగా మగ్గాల నడుమ గడుస్తోంది. అదే తేడా.

మా ఇంట్లో మా నాయిన చెవుల మీద జోకులకు కొదవ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా టవళ్ళ మగ్గాల మీద చేసిన మనిషి. ఆయన టీవీ పెడితే గల్లీ చివరి ఇంటివాళ్ళకు వార్తలు వినే పని లేదు. అవ్వ "సబ్బు లేదు" అంటే ఆయన "డబ్బు ఎప్పుడున్నది మన దగ్గర?" అంటాడు. అందరం నవ్వుతాం. ఆయనా నవ్వుతాడు. ఎందుకు నవ్వుతున్నామో ఆయనకు తెలుసో లేదో నేను ఎప్పుడూ అడగలేదు.

షెడ్డు ఎట్లా ఉంటదో మన ఇళ్ళల్లో కొత్తగా చెప్పే పని లేదు. ఒక్కో మగ్గంలో నాడె నిమిషానికి నూరుసార్లకు అటూ ఇటూగా ఈ కొస నుంచి ఆ కొసకు పోయి కొట్టుకుంటుంది. అట్లాంటి మగ్గాలు రేకుల కప్పు కింద పన్నెండు. అందుకే మాకు అక్కడ మాటలు ఉండవు, సైగలే. పోగు తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒకటి, చాయికి ఒకటి. సేట్ వస్తున్నాడంటే మీసం మెలేసే సైగ. మా సేటుకు మీసం లేదు, అయినా సైగ మారలేదు.

పదిహేడేళ్ళకు పనిలో చేరాను. మొదటి వారం రాత్రిళ్ళు పడుకుంటే చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. పొద్దున లేచేసరికి తగ్గేది. "అలవాటైపోతదిలే" అన్నారు పెద్దవాళ్ళు. నిజంగానే కొన్నాళ్ళకు అలవాటైంది. ఆ తర్వాత ఇంకో తెలివైన పని చేశాను. మగ్గాల మోత వినపడకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, ఫోన్ సౌండు పూర్తిగా పెంచి పాటలు వినడం మొదలుపెట్టాను. పాళీ అంతా పాటలే. నా అంత సుఖపడే కార్మికుడు లేడనుకున్నాను.

గజ్జెల సంగతి జరిగిన వారానికి ఒక పాళీ పోగొట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రిలో చెవుల పరీక్షకు పోయాను. చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఆఖరికి ఒక గీత గీసిన కాగితం చేతికిచ్చారు. గీత బాగానే పోయి, 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డట్టు దిగి, మళ్ళీ కొంచెం పైకి లేచింది.

"మగ్గాల మీద చేస్తవా?" అని అడిగింది పరీక్ష చేసిన మేడమ్. నేను చెప్పకముందే!

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. చెవి లోపల నత్తగుల్ల లాంటి భాగం ఉంటుంది. అందులో సన్నని వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలు ఒక్కో చెవిలో సుమారు 15,000 ఉంటాయి. చప్పుడును మెదడుకు అందించేవి అవే. పెద్ద మోతకు అవి వాలిపోతాయి. చెవికి విశ్రాంతి దొరికితే కొన్ని మళ్ళీ లేస్తాయి. పాళీ అయినంక చెవులు దిబ్బడేసి, పొద్దుటికి తేటపడేది అందుకే. రోజూ అదే మోతైతే అవి చచ్చిపోతాయి. చచ్చిన కణం మనిషికి మళ్ళీ మొలవదు. దానికి మందు లేదు, ఆపరేషన్ లేదు.

ముందుగా పోయేది సన్నని చప్పుళ్ళు. గజ్జెలు, పిట్ట కూతలు. మాటల్లో స, శ, త, క లాంటి అక్షరాలు. లావు గొంతు వినపడుతూనే ఉంటుంది కాబట్టి మనిషి తనకు చెవుడు వచ్చిందనుకోడు. "వినవస్తున్నది గానీ సమజైతలేదు, మీరే సరిగ్గ మాట్లాడుతలేరు" అంటాడు. మా నాయిన ఏళ్ళ తరబడి అంటున్న మాట ఇదే. సబ్బులోని 'స' ఆయన చెవి దాకా చేరనేలేదు. మేమేమో నవ్వుకున్నాం.

లెక్క కూడా రాస్తాను. మోతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటల వరకు ఉండవచ్చని నిపుణుల లెక్క. అక్కడి నుంచి 3 పెరిగినప్పుడల్లా టైము సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒక్క గంట. నాడె మగ్గాల షెడ్డులో మోత సాధారణంగా 95 పైమాటే. అంటే పనిలోకి పోయి చాయి తాగే లోపలే ఆ రోజు కోటా అయిపోయింది. దాని మీద నేను పాట పెట్టాను. మగ్గాన్ని మించి పాట వినపడాలంటే పాట మగ్గం కంటే పెద్దగా మోగాలి కదా! నా చెవులను సగం మగ్గం తింటే, మిగతా సగం నా ఇష్టమైన పాటలే తిన్నాయి.

కొలిచే మిషన్ అక్కర్లేదు. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ చోటు చెవులకు మంచిది కాదని అర్థం.

మోతతో వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో రాశారు. ఈఎస్ఐ చట్టం జాబితాలోనూ రాశారు. కానీ మన ఇళ్ళల్లో దానికి జబ్బు అన్న పేరు లేదు. "వయసు" అంటాం, లేకపోతే "అలవాటు" అంటాం. సోలాపూర్ చద్దర్లకు, టెర్రీ టవళ్ళకు జిఐ గుర్తింపు ఉంది. నేసినవాళ్ళ చెవులను ఎవరూ లెక్క పెట్టలేదు. ఇతరుల సంగతి సరే, మనమే పెట్టుకోలేదు.

పోయింది రాదు, ఉన్నది నిలుపుకోవచ్చు అన్నది మేడమ్. దూది పెట్టుకుంటే పెద్దగా లాభం లేదట. మెత్తని స్పాంజి బిళ్ళలు దొరుకుతాయి. జత ఒక వడాపావ్ ధర. దాన్ని వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టాలి. అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపి పట్టుకోవాలి. మురికి చేతులతో పెట్టుకోవద్దు. ఈఎస్ఐ ఉన్నవాళ్ళు చెవుల పరీక్ష అక్కడే అడగండి. లేనివాళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

షెడ్డులో మొదటి రోజు బాగా ఎగతాళి చేశారు. "ఏం రా, మా మాటలు వినబుద్ధి కాదా?" అని సైగలతోనే అడిగారు. మాటలే లేని చోట ఆ ప్రశ్న! మగ్గంలో తేడా వస్తే తెలియదేమోనని నాకూ భయం ఉండేది. రెండు రోజుల్లో అది పోయింది. మోత తగ్గుతుంది గానీ మగ్గం తాళం తప్పితే తెలుస్తూనే ఉంది. ఇప్పుడు ఇంకో ఇద్దరు పెట్టుకుంటున్నారు. షెడ్డులో ఇయర్‌ఫోన్లు మానేశాను. నాకు అదే కష్టమైంది, నిజం చెప్తున్నాను.

నాయినకూ ఒక జత తెచ్చాను. "నాకిప్పుడెందుకురా, ఉన్నది పోయినంక తాళమా?" అన్నాడు. ఉన్నది ఇంకా ఉంది, అది కూడా పోవద్దని చెప్పాను. జేబులో పెట్టుకున్నాడు. వాడుతున్నాడో లేదో ఇంకా తెలియదు. పరీక్షకు మాత్రం వస్తానన్నాడు.

ఇంట్లో ఒకటి మార్చుకున్నాం. వెనక నుంచి అరవకుండా ఆయన ఎదురుగా వచ్చి, ముఖం చూస్తూ, నిదానంగా మాట్లాడుతున్నాం. అరుపు తగ్గింది. అవ్వ సబ్బు అడిగితే సబ్బే వస్తోంది.

మొన్న రాత్రి ఆ పాటే పెట్టి, "నాయినా, ఇందులో గజ్జెలున్నయట, నాకు వినవస్తలేవు" అన్నాను. ఆయన కొంచెంసేపు విన్నాడు. చరణం రాబోతుంటే వేలెత్తి, సరిగ్గా చెల్లె చెప్పిన చోటే, షెడ్డు సైగలాగా గాలిలో మూడుసార్లు ఆడించాడు.

"వినవస్తున్నయా?" అన్నాను ఆశగా.

"లేదు. పనిలో చేరకముందు రేడియోలో విన్న. యాదికున్నది."