బియ్యపు బస్తాలోని నీరు

జలములేని పశ్చిమాసియా దేశములు నీటికొఱకేల పోరాడకున్నవని లండనులో బోధించిన టోనీ అలన్ పండితుఁడు విచారించెను. అవి ధాన్యమును కొనుచున్నవి. దానిని పండించుటకు వలసిన నీరు పరదేశములలోనే వ్యయమగుచున్నది. ఈ కానరాని నీటికి ఆయన 1993 ప్రాంతమున ‘వర్చువల్ వాటర్’ అని పేరిడి, 2008లో స్టాక్‌హోమ్ జలపురస్కారము నందెను.

కిలో బియ్యమునకు ప్రపంచపు సగటున సుమారు 2,500 లీటర్లఁట! అయినను ఈ యంకె యొక్కటియే చాలదని నా యభిప్రాయము. వానకు పండిన కిలోయు, బోరుబావి తోడిపోయఁగా పండిన కిలోయు నొక్కటియా? అలన్ సయితము నేల పీల్చుకొనిన వాననీటిని వేఱుగా లెక్కింపుమనెను. తెలంగాణమున బోర్లక్రింద పండిన వరి యెగుమతి యైనచో, దానికై తోడిన భూగర్భజలమును మనము వెలకట్టక యిచ్చినట్లే. భూగోళపరీక్షకు నదుల పొడవులు వల్లించు విద్యార్థులారా, మీ యింటి బియ్యము ఏ నీట పండెనో యెన్నఁడైన నడిగితిరా?