కాగితం చెల్లదనే అధికారం ఎవరిది?

కరోనా కాలం నాటి టీకా ధ్రువపత్రాలను మనలో చాలామంది బీరువా అరలో పడేసి మరచిపోయాం. అవి మరచిపోదగినవి కావని చెప్పడానికే ఈ వ్యాసం. 2021లో మన సరిహద్దు జిల్లాల్లో సినిమాహాలుకో గుడికో ఉత్సవానికో వెళ్లాలంటే టీకా వేయించుకున్నట్లు రుజువు చూపవలసి వచ్చింది. ఆ రుజువు కాగితం మీద ఉంటే చాలునా, ఫోనులోనే ఉండాలా? అది ఏ భాషలో ఉండాలి? ఈ రెండు ప్రశ్నలకూ సరైన జవాబు దొరకకుండానే మహమ్మారి సద్దుమణిగింది. జవాబు లేని ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు ముందుగా నష్టపోయేది ముసలివారు, చదువురానివారు, పరాయి భాషా రాజ్యంలో ఉన్నవారు. మన పల్లెల్లో ఈ మూడు లక్షణాలూ ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదేమీ కాదు.

ఆనాటి ఆదేశాలను ఒకసారి గుర్తు చేసుకుందాం. 2021 ఆగస్టులో పూరీ జగన్నాథాలయం తెరిచినప్పుడు టీకా ధ్రువపత్రమో, పరీక్షలో వ్యాధి లేదని తేలిన పత్రమో అడిగారు. సెప్టెంబరులో తిరుమలలోనూ అంతే. నవంబరులో తమిళనాడు 1939 నాటి ప్రజారోగ్య చట్టాన్ని ఆధారం చేసుకుని, టీకా వేయించుకున్నవారినే బహిరంగ స్థలాల్లోకి రానివ్వాలంది. అదే నెల చివర మహారాష్ట్ర ప్రభుత్వం కార్యక్రమాలకు, దుకాణ సముదాయాలకు, ప్రజారవాణాకు రెండు డోసుల నిబంధన పెట్టింది. డిసెంబరు 3న కర్ణాటక ప్రభుత్వం సినిమాహాళ్లకు, మాల్‌లకు అదే నిబంధన విధించింది. ఆ నెలలోనే పుదుచ్చేరి 1973 నాటి తన ప్రజారోగ్య చట్టం కింద టీకానే తప్పనిసరి చేసింది. యానాం కూడా అందులో భాగమే కదా! ఇలా తెలుగువాడు తరతరాలుగా కాపురముంటున్న ప్రతి పొరుగు రాష్ట్రంలోనూ ఏదో ఒక గుమ్మం దగ్గర ఈ పత్రం అడిగారు.

టీకా అవసరమా కాదా అన్న వాదన నాది కాదు. నేను వేయించుకున్నాను, మా ఇంటిల్లిపాదికీ వేయించాను. వ్యాధి వ్యాపిస్తున్నప్పుడు జనసమూహాలపై ప్రభుత్వం కొన్ని ఆంక్షలు పెట్టడంలో అన్యాయమూ లేదు. నేనడిగేది రుజువు సంగతి మాత్రమే.

కోవిన్ అనే వేదిక పుట్టుకలోనే ఫోనును నమ్ముకుంది. 18 నుంచి 44 ఏళ్ల వారికి 2021 మే 1న టీకా తలుపులు తెరిచినప్పుడు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవడం తప్పనిసరి అన్నారు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి నూటికి 4.4 మాత్రమే. ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 15 కంటే తక్కువ. మే 31న సర్వోన్నత న్యాయస్థానం ఈ అంతరాన్ని ఎత్తిచూపి, కేవలం డిజిటల్ వేదికపైనే ఆధారపడితే బడుగువర్గాలకు టీకా అందదని కేంద్రాన్ని గట్టిగా ప్రశ్నించింది. జూన్ 21 నుంచి అన్ని వయసులవారూ నేరుగా కేంద్రానికి వెళ్లి నమోదు చేయించుకునే వీలు కలిగింది. అలా సూది దగ్గర ఫోను పట్టు సడలింది. గుమ్మం దగ్గర మాత్రం సడలలేదు.

నా కక్షిదారు ఒకామె హోసూరు పక్క పల్లెలో ఉంటుంది. వయసు డెబ్బై దాటింది. 2021 డిసెంబరులో మనవడితో కలిసి ఎల్ల దాటి బెంగళూరులో ఒక పౌరాణిక నాటకం చూడబోయింది. రెండు డోసులూ పూర్తయ్యాయి. పంచాయతీ దగ్గరి ఇ-సేవై కేంద్రంలో ఇరవై రూపాయలిచ్చి ముద్రింపించుకున్న పత్రం చేతిలో ఉంది. కాపలా కుర్రవాడు దాన్ని తిప్పి చూసి, "ఇది జెరాక్సు. ఫోన్లో చూపించు" అన్నాడు. ఆమె ధ్రువపత్రం కోడలి ఫోను నంబరు మీద నమోదైంది. కోడలు తిరుపూరులో పనిలో ఉంది. మనవడు ఆ నంబరుకు ఫోను చేసి, వచ్చిన రహస్య సంఖ్యను అడిగి, పత్రాన్ని తెరమీదికి తెచ్చేసరికి మొదటి అంకం అయిపోయింది. తెరమీద కనిపించినది ఏమిటి? చేతిలో ఉన్న కాగితమే. అదే పేరు, అదే తేదీ, అదే చదరపు గళ్ల గుర్తు. రెండు డోసులు పూర్తయి ఉండాలన్నది ప్రభుత్వం పెట్టిన షరతు. ఫోనులోనే చూపాలన్నది ఆ గుమ్మం దగ్గర పుట్టిన షరతు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఒక ఫోను నంబరు మీద మొదట నలుగురు, 2022 జనవరి నుంచి ఆరుగురు నమోదు కావచ్చని కోవిన్ అనుమతించింది. ఇది పేద కుటుంబాలకు మేలు చేసిన ఏర్పాటే. కాని ఆ ఫోను ఎవరి జేబులో ఉంటే మిగిలిన ఐదుగురి హక్కు వారి జేబులో ఉన్నట్లే. మన సరిహద్దు పల్లెల నుంచి పనికోసం పట్టణాలకు పోయేది పడుచువాళ్లు, ఇంట్లో మిగిలేది పెద్దవాళ్లు. ఫోను పట్నం పోయింది, పత్రం కావలసినవారు పల్లెలో ఉన్నారు. కాగితానికి ఈ బెడద లేదు. అది ఎవరిది వారి దగ్గరే ఉంటుంది, చార్జింగు అడగదు, సిగ్నల్ అడగదు.

కాగితమైతే దొంగపత్రాలు సృష్టిస్తారు కదా అనే వాదన ఒకటి ఉంది. ఇది కొట్టిపారేయదగిన వాదన కాదు. రంగు ప్రింటరు ఉన్నవాడెవడైనా పేరు మార్చగలడు. అయితే కోవిన్ పత్రంపై ఉన్న క్యూఆర్ గుర్తులో ఆ వివరాలన్నీ డిజిటల్ సంతకంతో పొందుపరచి ఉంటాయి. తనిఖీ చేసేవాడు తన పరికరంతో ఆ గుర్తును చదివితే సంతకం అసలుదో నకిలీదో తేలిపోతుంది. గుర్తు కాగితం మీద ఉన్నా గాజుతెర మీద ఉన్నా చదివే యంత్రానికి తేడా లేదు. ఫోనులో చూపిన బొమ్మను గుర్తు చదవకుండా కంటితో చూసి పంపిస్తే, అది కాగితం కంటే ఏ విధంగానూ నమ్మదగినది కాదు. అంటే పరికరం ఉండవలసినది గుమ్మం కాచేవాడి చేతిలో. లోపలికి వచ్చే ముసలమ్మ చేతిలో కాదు. మనవాళ్లు ఈ బరువును తలకిందులుగా మోపారు.

ఇతరులు ఏం చేశారో చూడండి. ఐరోపా సమాఖ్య 2021 జూలై 1 నుంచి 2023 జూన్ 30 వరకు నడిపిన కోవిడ్ ధ్రువపత్రాన్ని డిజిటల్ రూపంలోనో కాగితం రూపంలోనో పొందే హక్కు పౌరుడికి ఇచ్చింది. రెండింటిపైనా ఒకే రకమైన గుర్తు, రెండూ ఉచితం. పత్రం జారీచేసే దేశపు అధికార భాషలోనూ ఇంగ్లీషులోనూ ఉండాలన్నది నిబంధన. అంత దూరం ఎందుకు, ముంబయి లోకల్ రైళ్ల సంగతే తీసుకోండి. 2021 ఆగస్టులో రెండు డోసులవారికి ప్రయాణం అనుమతించినప్పుడు, స్మార్ట్‌ఫోను లేనివారు నగరపాలక వార్డు కార్యాలయాల్లోనూ స్టేషన్లలోనూ ఫొటో పాసు తీసుకోవచ్చన్నారు. కామాఠీపురాలోని మన కూలీకి ఆ వెసులుబాటు దక్కింది. చేయదలచుకుంటే ఇక్కడా సాధ్యమేనన్నమాట.

చట్టం మాటేమిటి? 2000 నాటి సమాచార సాంకేతికత చట్టం 4వ సెక్షన్ ఎలక్ట్రానిక్ పత్రానికి కాగితంతో సమాన హోదా ఇచ్చింది. సమాన హోదా ఇచ్చింది గాని కాగితాన్ని రద్దు చేయలేదు. ఇంకా విశేషం, 2022 జనవరిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ సర్వోన్నత న్యాయస్థానానికి ఇచ్చిన ప్రమాణపత్రంలో, ఏ పనికైనా టీకా ధ్రువపత్రం వెంట ఉండాలని తాము ఎటువంటి విధివిధానమూ జారీచేయలేదని చెప్పింది. 2022 మే 2న జేకబ్ పులియెల్ కేసులో జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ తీర్పునిస్తూ, టీకా వేయించుకోనివారిపై రాష్ట్రాలు విధించిన ఆంక్షలు అప్పటి పరిస్థితుల్లో అవసరానికి మించినవని చెప్పారు. వేయించుకోనివారి విషయంలోనే ఆంక్ష హద్దు మీరకూడదని న్యాయస్థానం అన్నప్పుడు, వేయించుకుని కూడా ఫోను లేదన్న ఒక్క కారణంతో వెనుదిరిగినవారి సంగతి ఏమనాలి?

ఇక భాష. కోవిన్ వేదికను 2021 జూన్ నాటికి తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి తెచ్చారు. ఇది మెచ్చుకోదగిన పని. ధ్రువపత్రంలో మాత్రం ఇంగ్లీషు పక్కన రాష్ట్ర భాషనే ముద్రించారు. తమిళనాడులో మొదట హిందీతో వచ్చిన పత్రంపై అభ్యంతరాలు లేచాక తమిళం చేరింది. తమిళులు తమ నుడి కోసం పట్టుబట్టి సాధించుకోవడం మనకు ఆదర్శమే. అదే పట్టుదలతో హోసూరు తెలుగువాడు తన పత్రంలో తెలుగు అడిగితే తప్పేమిటి? 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులోనూ కర్ణాటకలోనూ తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు నూటికి ఆరుగురికి కాస్త తక్కువ. ఇది రాష్ట్రాల సగటు మాత్రమే. సరిహద్దు తాలూకాల్లో ఈ వంతు ఎంతో ఎక్కువ.

భాషతోపాటే పేరు సమస్య ఉంది. దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. తమిళనాడు రికార్డుల్లో ఇంటిపేరుకు చోటు దొరకదు, తండ్రి పేరులోని తొలి అక్షరం పొడి అక్షరంగా నిలుస్తుంది. మహారాష్ట్రలో సొంతపేరు, తండ్రిపేరు, చివర ఇంటిపేరు. షోలాపూరు పద్మశాలి కుటుంబంలో అన్నదమ్ములిద్దరి పేర్లు రెండు రకాలుగా నమోదై ఉండటం వింత కాదు. గుర్తింపు కార్డులో ఒక పేరు, టీకా పత్రంలో మరో పేరు ఉంటే గుమ్మం దగ్గర అనుమానపు చూపు తప్పదు. తప్పు దిద్దుకునే వీలును కోవిన్ ఇచ్చింది గాని అది ఒక్కసారికే, అదీ ఆన్‌లైన్‌లోనే. ఇంగ్లీషు వర్ణక్రమం తెలియని మనిషి తన పేరులో ఏ అక్షరం తప్పిందో ఎలా కనిపెట్టగలడు? పత్రంపై పేరు తెలుగులో కూడా ఉంటే చూడగానే తెలిసిపోయేది.

మనకు ఉన్న ఆయుధాలు తక్కువేమీ కావు. భాషాల్పసంఖ్యాకులు ఒక ప్రాంత జనాభాలో 15 నుంచి 20 శాతం ఉన్నచోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను, నిబంధనలను వారి భాషలో కూడా వెలువరించాలని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రం నుంచి, 1961లో ముఖ్యమంత్రుల సమావేశంలో కుదిరిన ఒప్పందం నుంచి వస్తున్న రక్షణ. దురదృష్టవశాత్తు ఇది ఒప్పందమే, శాసనం కాదు. అందుకే దీన్ని కార్యాలయాలు సులువుగా మరచిపోతాయి. యానాం పరిస్థితి వేరు. పుదుచ్చేరి 1965 అధికారభాషా చట్టం అక్కడ తెలుగును గుర్తించింది కనుక అక్కడివారు ఇది హక్కుగానే అడగవచ్చు.

మరో కొత్త ఆధారం దొరికింది. ఇది డిజిటల్ వైపు నుంచే రావడం సంతోషం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, మన సమ్మతి కోరుతూ మన వివరాలు సేకరించే సంస్థ అందుకు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులోనో, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా సరే చదువుకునే వీలు కల్పించాలి. ఇక్కడ 15 శాతం లెక్క లేదు, రాష్ట్రం ఎల్ల లేదు. కోరాపుట్‌లో ఒకే ఒక్క తెలుగు ఇల్లు ఉన్నా ఆ ఇంటివారు తెలుగు నోటీసు అడగవచ్చు. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి రావలసి ఉంది. తెరమీద భాష మార్చడానికి ముద్రణ ఖర్చు లేదు కనుక 'వ్యయం' అనే పాత సాకు ఇక చెల్లదు. డిజిటల్ పద్ధతిని నేను శత్రువుగా చూడకపోవడానికి ఇదే కారణం. తెలుగును తెరమీద అడుగుదాం, ప్రవేశాన్ని కాగితం మీద అడుగుదాం.

ఇదంతా గడిచిన కథ అనుకోవద్దు. గర్భిణులకు, పసిపిల్లలకు వేసే టీకాల నమోదు కోసం యూ-విన్ అనే వేదికను 2024 అక్టోబరులో ప్రధాని ప్రారంభించారు. దానిలోనూ క్యూఆర్ గుర్తుతో కూడిన ఎలక్ట్రానిక్ ధ్రువపత్రమే. అంగన్‌వాడీలో, బడిలో, రేపు ఏ జాతర మైదానంలోనో దాన్నే చూపమంటే, తల్లి చేతిలోని మాతాశిశు రక్షణ కార్డు విలువ ఏమిటో ఇప్పుడే తేల్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనల్లో పచ్చజ్వరం టీకా పత్రం ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో ఉండాలి. దానికి తోడు మరో భాషలో కూడా నింపవచ్చని అందులోనే ఉంది. దేశాల ఎల్లలు దాటే పత్రానికే ఉన్న ఈ వెసులుబాటు తాలూకా ఎల్ల దాటే పత్రానికి ఉండకూడదా?

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి విన్నపం చేసుకోవచ్చు. ఆ ప్రకారం మా జిల్లా అధికారులకు నేను తెలుగులోనే ఒక అర్జీ ఇచ్చాను. బహిరంగ కార్యక్రమాలకు ఏ ఆరోగ్య పత్రం అడిగినా ముద్రిత ప్రతిని ఒప్పుకోవాలని, తనిఖీ పరికరం నిర్వాహకులే పెట్టుకోవాలని, తెలుగువారు 15 శాతం దాటిన తాలూకాల్లో ఆ నిబంధనను తెలుగులో గోడకు అంటించాలని, పిల్లల టీకా పత్రంపై పేరు తెలుగులోనూ ముద్రించాలని కోరాను. అర్జీ తీసుకున్న గుమాస్తా తెలుగు చదవలేకపోయినా, పక్క బల్ల దగ్గరి తెలుగాయనను పిలిపించి చదివించుకుని, అందినట్లు ముద్ర వేసి ఇచ్చాడు. నకలు కావలసినవారు పత్రిక కార్యాలయానికి రాస్తే పంపుతాను. ఊరి పేరు, తాలూకా పేరు మార్చుకుంటే చాలు.